పద్నాలుగు వేల చుట్లు

దీవెన గిటారు ఎవరికీ వినపడటం లేదు.

ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆ గురువారం సాధనలో పాట మధ్యలో ఆమె గిటారుకి ఒక తీగ వదులైంది. వాయించడం ఆపి, మర బిగించి, శ్రుతి సరిచూసుకుని, నుదుటి మీద చెమట కూడా తుడుచుకుని మళ్లీ అందుకుంది. మిగతా ముగ్గురిలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. పాట అయ్యాక డ్రమ్ముల సన్నీ చేతికర్రలు పైకెత్తి, "ఈసారి అదిరిపోయింది కదరా!" అన్నాడు. ఇంట్లో అతని పేరు సన్యాసిరావు, సన్నీ అయింది బ్యాండులోనే.

దీవెనకి ఏడుపొచ్చింది. నలుగురు వాయించే పాటలో ఒకరు ఆగిపోతే తేడా తెలియలేదంటే, ఆ ఒకరు అక్కడ ఎందుకున్నట్టు?

వాళ్లు వాయించేది హెవీ మెటల్. డ్రమ్ములు పిడుగుల్లా పడుతుంటాయి, గిటార్లు బొంగురుగా గర్జిస్తుంటాయి. దీవెన ఇంట్లో తాత మొదలుకుని అందరూ చర్చి పాటలవాళ్లే. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని వాళ్లమ్మ రోజుకోసారైనా అంటుంది. ఆవిడ దాన్ని సంగీతం అనదు, 'ఆ గోల' అంటుంది. ఆ గోలలో కూడా కూతురు వినపడటం లేదని ఆవిడకి తెలియదు.

ఇంకో నెలలో విశాఖపట్నం బీచ్ రోడ్డులో బ్యాండ్ల పండగ. వీళ్లకి అరగంట ఇచ్చారు. బ్యాండు పెట్టిన ఫణి కూడా గిటారే వాయిస్తాడు. సాధన అయ్యాక దీవెనని పక్కకి పిలిచి చెప్పాడు.

"ఏమీ అనుకోకు దీవెనా. నీ గిటారు ఇలాగే ఉంటే స్టేజి మీద నేనొక్కణ్ణే కానిచ్చేస్తాను. నువ్వు వచ్చే ఏడాది ఎక్కుదువుగాని."

ఫణి మంచివాడు. వెటకారంగా అని ఉంటే తిరిగి నాలుగు అనేసేది. మంచిగా చెప్పేసరికి ఆ మాట మింగలేక కక్కలేక ఇంటికెళ్లింది.

వారం రోజులు ఫోన్లో చదివింది. దేశదేశాల గిటారువాళ్లు రాసిందంతా చదివి, తప్పు పికప్‌దేనని తేల్చేసింది. పికప్ అంటే గిటారు తీగల కింద కూర్చునే చిన్న పెట్టె. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు. గిటారు తీగ కదిలితే ఆ కదలిక ఇక్కడ కరెంటుగా మారి యాంప్‌లోకి పోతుంది, అక్కణ్ణుంచి శబ్దమై బయటికొస్తుంది. చుట్లు ఎక్కువైతే బలం ఎక్కువ. బలం ఎక్కువైతే గర్జన ఎక్కువ. దీవెన పన్నెండు రకాల పికప్‌ల పేర్లు కాగితం మీద రాసి, పక్కన వాటి బలం చూపే మీటరు అంకెలు వేసి, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి వరసగా పేర్చింది. చిన్న అంకెల మీద ముందే గీత కొట్టేసింది.

ఆ కాగితం పట్టుకుని బర్నబాసు మాస్టారి దగ్గరికెళ్లింది.

మాస్టారి కొట్టు పాత పోస్టాఫీసు వెనక సందులో ఉంది. కాలిపోయిన సీలింగు ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు విప్పి కొత్త తీగ చుట్టడం ఆయన వృత్తి. కుర్రతనంలో పెళ్లిళ్లలోనూ క్లబ్బుల్లోనూ గిటారు వాయించేవారు. ఆ రెండూ కలిసొచ్చి, పికప్ పాడైన వాళ్లంతా శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. దీవెన నాలుగేళ్లుగా ఆయన శిష్యురాలు. గిటారు ఆయనే నేర్పారు, సోల్డరింగూ ఆయనే నేర్పారు. తిట్టడం మాత్రం ఆయనకి రాదు. శిష్యులు ఎంత తప్పు చేసినా "ఊఁ" అని ఊరుకుంటారు. ఆ 'ఊఁ'కి భయపడి మానేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని కాగితం చూశారు.

"ఏటమ్మా, మందుల చీటీయా?"

"పికప్‌లు మాస్టారూ. వీటిలో బాగా బలమైనదేదో చెప్పండి, తెప్పించుకుంటాను."

"బలమెందుకు?"

"వినపడ్డానికి."

"ఊఁ," అన్నారు మాస్టారు. కాగితం మడిచి ఆమెకే ఇచ్చేశారు. "తెప్పించడమెందుకు? మిషనుంది, తీగుంది. నువ్వే చుట్టుకో."

"ఎన్ని చుట్లు వెయ్యమంటారు?"

"నీకెన్ని కావాలంటే అన్ని."

ఈ మాట దీవెనకి వరంలా వినపడింది. మాస్టారు మామూలుగా ఒక్కో బాబిన్ మీద, అంటే తీగ చుట్టే కండె మీద, ఐదు వేల చుట్లు వేసి ఆపేస్తారని ఆమెకి తెలుసు. పికప్‌కి రెండు బాబిన్లు. ఆమె ఇంకా సన్నటి తీగ తీసుకుంది, ఎక్కువ పడుతుందని. అది ఊపిరి తగిలితే తెగేలా ఉంది. నాలుగుసార్లు తెగింది కూడా. తెగినప్పుడల్లా మొదట్నుంచి చుట్టింది. మూడు రోజులు మిషను పిడి తిప్పి తిప్పి, బాబిన్ అంచులు నిండి ఇక పట్టదనేదాకా వేసింది. ఒక్కోదాని మీద ఏడు వేలు, మొత్తం పద్నాలుగు వేల చుట్లు.

మాస్టారు పక్కనే ఫ్యాన్లు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. చాలనలేదు, ఇంకా అనలేదు.

చివరికి చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, పికప్‌ని ఆ మైనంలో ముంచి తీసింది. అలా చెయ్యకపోతే చుట్లు లోపల అదిరి కీచుమంటాయి. ఆరాక మీటరు పెట్టి చూసింది. ఆమె జాబితాలో అన్నిటికన్నా పైనున్న అంకె కూడా దీని ముందు దిగదుడుపే. దీవెన మురిసిపోయి, పికప్ అడుగున చిన్న అక్షరాలతో తన పేరు రాసుకుంది.

గిటారుకి బిగించి, యాంప్ పెట్టి, ఒక్క దెబ్బ వేసింది. షెల్ఫులో స్క్రూల డబ్బాలు గలగలమన్నాయి. పక్క కొట్టు టైలరు మెడలో టేపుతో బయటికొచ్చి చూశాడు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బలంగా ఉంది," అన్నారాయన.

దీవెన దాన్ని మెచ్చుకోలు అనుకుంది. ఇల్లలకగానే పండగ కాదని ఆ పూట ఆమెకి ఎవరు చెప్పినా ఎక్కేది కాదు.

సాధన జరిగేది ఫిషింగ్ హార్బరు దగ్గర, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ గోడౌన్లో. ఆ సాయంత్రం దీవెన తన యాంప్‌కి ఎదురుగా నిలబడి వాయించింది. శబ్దం పొట్టలో తగులుతోంది. పాట అయ్యాక కళ్లు మెరిపించుకుంటూ ఫణి వైపు చూసింది.

ఫణి తల గోక్కున్నాడు. "ఏదో బరువుగా ఉంది గానీ... నువ్వేం వాయించావో తెలీలేదు."

దీవెన సౌండు పెంచింది. అది చూసి సన్నీ డ్రమ్ములు ఇంకా గట్టిగా బాదాడు. డ్రమ్ములు పెరిగాయని ఫణి తన యాంప్ పెంచాడు. బేసు వాయించే అజీమ్ ఎందుకైనా మంచిదని తనదీ పెంచాడు. గంట తిరిగేసరికి నలుగురికీ చెవులు గింగురుమంటున్నాయి, దీవెన వాయించింది మాత్రం చెవిటివాడి ముందు ఊదిన శంఖమే అయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. మాస్టారు తాళం తీస్తుండగా అడిగింది.

"మాస్టారూ, ఇంకా సన్నటి తీగ దొరుకుతుందా? ఇంకో రెండు వేలు వేస్తాను."

మాస్టారు తాళం చేతిలోనే పట్టుకుని ఆమె మొహం చూశారు. రాత్రంతా ఏడ్చిన మొహం.

"ఇవాళ సాయంత్రం నేనూ వస్తాను," అన్నారు.

చెప్పినట్టే ఐదింటికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఆదివారం బూట్లు వేసుకుని వచ్చిన అరవయ్యెనిమిదేళ్ల పెద్దమనిషిని చూసి కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్ల చొక్కాల మీద పుర్రెల బొమ్మలున్నాయి. అజీమ్ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టారు బోర్లించిన చేపల ట్రే మీద కూర్చుని చెయ్యి చాచారు. "గిటారు ఇలగియ్యమ్మా."

దీవెన ఇచ్చింది. నాలుగు నెలలుగా ఆయన కొట్లోనే కూర్చుని సాధన చేస్తోంది కాబట్టి, ఆ పాటలో ఆమె భాగం ఆయనకి కంఠతా వచ్చు.

"నేను వాయిస్తాను. నువ్వు రోడ్డు దాటి అవతల నిలబడు."

"అక్కడెందుకు మాస్టారూ?"

"వినడానికి."

దీవెన వెళ్లింది. రోడ్డుకి అవతల ఒక ముసలాయన వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటున్నాడు. ఆయన పక్కన నిలబడి చెవులు రిక్కించింది. డ్రమ్ములు మొదలయ్యాయి. బేసు వచ్చింది. ఫణి గిటారు గీరుకుంటూ వచ్చింది. వాటి కింద ఎక్కడో గుర్రుమనే మోత తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అని ఆమె మాస్టారి కోసం ఎదురుచూస్తూనే ఉంది. శబ్దం ఆగిపోయింది.

వలాయన సూది ఆపి అడిగాడు. "ఏటమ్మా, లోపల జనరేటరేటైనా పెట్టేరా?"

మాస్టారు మోకాలు పట్టుకుని నెమ్మదిగా బయటికొచ్చి రోడ్డు దాటారు.

"ఎలగుంది?"

"మాస్టారూ... మీరింకా మొదలుపెట్టలేదు కదా?"

"అయిపోయింది కూడానమ్మా."

మాస్టారు ఏమీ వివరించలేదు. వలాయన దగ్గర కూర్చుని, ఏ నూలు వాడుతున్నాడో, ఎన్నాళ్లు మన్నుతుందో అడిగి తెలుసుకున్నారు.

మర్నాడు మాస్టారు ఒక బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చారు. అందులో నాలుగు పికప్‌లు, ఒక్కోటీ పేపరు ముక్కలో చుట్టి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆయన చుట్టి పెట్టుకున్నవి. వాటి మీద పేరు లేదు, అంకె లేదు.

"రోజుకోటి పెట్టు. వాయించేది నేను. ఎన్నుకునేది నువ్వు, అక్కణ్ణుంచి," అని రోడ్డు అవతలికి చూపించారు.

దీవెన సంచిలోంచి మీటరు తీసింది. ఎన్ని చుట్లో తెలిస్తే పని తేలికవుతుంది కదా అని. మాస్టారు చెయ్యి చాచారు. ఆమె ఇచ్చేదాకా చాచే ఉంచారు. తర్వాత దాన్ని తన ప్యాంటు జేబులో వేసుకున్నారు.

మొదటిది డ్రమ్ముల తాళాల మోత కింద పడి నలిగిపోయింది. రెండోది ఫరవాలేదనిపించింది గానీ, మూడు తీగలు కలిపి కొట్టగానే ముద్దయిపోయింది. మాస్టారు రెండు రోజులూ కొట్టు ముందే కట్టేసి వచ్చారు. ఆయన మోకాళ్లు అసలే అంతంత మాత్రం. ఆటో దిగి గుమ్మం ఎక్కడానికే అవస్థ పడుతున్నారు. అది చూసి దీవెనకి సిగ్గేసింది. ఫలానాదే పెట్టుకోమని ఒక్క ముక్క చెప్పేస్తే ఈయనకీ తిప్పలు తప్పుతాయి కదా అనుకుంది. ఆయన చెప్పలేదు.

మూడో రోజు పికప్ బిగించి, తనే ఒకసారి మీటి చూసింది. పెదవి విరిచింది. పీలగా ఉంది. ఇదైతే అసలు పనికిరాదు అనుకుంటూనే రోడ్డు దాటింది.

డ్రమ్ములు మొదలయ్యాయి. బేసు, ఫణి. ఆ రెండింటి మధ్యలోంచి మూడో గొంతు ఒకటి నడుచుకుంటూ వచ్చింది. గర్జన ఉంది, కానీ ఆ గర్జనలో ప్రతి దెబ్బా విడివిడిగా తెలుస్తోంది. వేలు ఎక్కడ వేశారో, ఎక్కడ తీశారో తెలుస్తోంది. తను నాలుగు నెలల కిందట కట్టుకున్న వరస అది. బయట నిలబడి దాన్ని వినడం ఆమెకి అదే మొదటిసారి.

పాట సగంలో ఉండగానే రోడ్డుకి అడ్డంగా పరిగెత్తింది. ఒక చేపల వ్యాను డ్రైవరు బ్రేకు వేసి తిట్టాడు. ఆమెకి పట్టలేదు. గోడౌన్లోకి దూసుకొచ్చి అరిచింది.

"మాస్టారూ, మూడో వరసలో మీ ఉంగరం వేలు జారింది!"

వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. గురువుని పట్టుకుని ఆ మాటనేసిందేమిటని కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. తనేమందో అప్పటికి అర్థమై దీవెన కూడా నాలుక కరుచుకుంది.

"జారింది," అన్నారు మాస్టారు. ఆయన మొహంలో ఎంత సంతోషమో! "డబ్బాలో ఇంకోటుంది. చూస్తావా?"

"అక్కర్లేదు మాస్టారూ."

దాని మీద ఎన్ని చుట్లున్నాయో ఆమె అడగలేదు. మీటరు మాస్టారి జేబులోనే ఉంది.

తను చుట్టిన పద్నాలుగు వేల చుట్లదాన్ని ఏం చెయ్యాలో తెలియక అరచేతిలో పెట్టుకుని నిలబడింది. అడుగున తన పేరు కనపడుతోంది. మాస్టారు దాన్ని తీసుకుని, పేపరులో జాగ్రత్తగా చుట్టి, డబ్బాలో పెట్టారు.

"ఇదీ మంచిదే. దీనికి తగ్గ గిటారు వేరే ఎక్కడో ఉంటుంది."

అయితే కష్టాలు అక్కడితో తీరలేదు. కొత్త పికప్‌తో వాయించడం మొదలుపెట్టాక దీవెనకి ప్రాణం మీదికొచ్చింది. పాతదాని మోతలో వేలు కాస్త అటూ ఇటూ అయినా ఆ మోతే కప్పేసేది. ఇప్పుడు కప్పేది లేదు. వేలు ఆలస్యమైతే ఆలస్యమైనట్టే ఉంది. ఒక తీగ మీద పడాల్సిన చెయ్యి పక్కదానికి రాసుకుంటే అదీ ఉంది. ఎవరో వెనకనించి దుప్పటి లాగేసినట్టనిపించింది. ఇంత బద్ధకపు వేళ్లా నావి అని తన చేతుల్ని తనే చూసుకుంది. ఒకటి రెండుసార్లు ఆ రేకుడబ్బా గుర్తొచ్చింది. వెళ్లి అడిగితే మాస్టారు ఇచ్చేస్తారని తెలుసు. అందుకే అడగలేదు.

శనివారం సాధనలో, పాట జోరుమీదుండగా ఫణి ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపాడు.

"దీవెనా, రెండో వరస చివర్లో తప్పు పోతోంది నీకు. తాళం కన్నా ముందుకెళ్లిపోతున్నావ్."

"అవును, నాకూ తెలిసింది," అన్నాడు సన్నీ డ్రమ్ముల వెనకనించి.

అజీమ్ కూడా తలూపాడు. ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు.

దీవెన మొహం ముందు ఎర్రబడింది. ముగ్గురి ముందు తప్పు దొరికిపోవడం కన్నా నామర్దా ఇంకేముంటుంది? తర్వాత ఏం తట్టిందో ఏమో, కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆపుకోలేక గిటారు మీదికి వంగిపోయింది. కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి.

"ఏమైందే?" అన్నాడు ఫణి కంగారుగా. "అది సరిచేసుకో. ఆ వరస బావుంటుంది, అక్కడ నేను తగ్గుతాను. స్టేజి మీద అది నీదే."

సాధన అయిందో లేదో స్కూటరు తీసి, గిటారు వీపున వేసుకుని, తిన్నగా పాత పోస్టాఫీసు వెనక సందుకి పోనిచ్చింది. మాస్టారు ఒక ఫ్యాను మోటారు ఒళ్లో పెట్టుకుని కాలిన తీగ పీకుతున్నారు.

"మాస్టారూ! నేను తప్పు వాయించాను. ముగ్గురికీ వినపడింది!"

పరీక్ష పాసైనట్టు చెప్పింది ఆ మాట. పక్క కొట్టు టైలరు తల బయటపెట్టి, ఈ పిల్లకి మతి పోయిందా అన్నట్టు చూశాడు.

మాస్టారు ఫ్యాను మోటారు పక్కన పెట్టారు. చేతులు తుడుచుకున్నారు.

"ప్రోగ్రాం ఎన్ని రోజులుంది?"

"ఎనిమిది, మాస్టారూ."

ఆయన స్టూలు మీదున్న స్క్రూలు, తీగముక్కలు తీసేసి, దాన్ని ఆమె వైపు జరిపారు.

"కూర్చో. ఇంక నీకు నేర్పొచ్చు."